‘ఏం జబ్బు?’ అన్న గడిలో ఏం రాయాలి: కిడ్నీ, మూలుగ (బోన్‌మ్యారో) దానం చేసే ఉద్యోగికి సెలవు కాగితాలు

డాక్టరు సర్టిఫికెట్ నమూనాలో ‘ఈ ఉద్యోగి ........ తో బాధపడుతున్నారు’ అని ఒక ఖాళీ ఉంటుంది. శ్రీకాకుళంలో దాదాపు ముప్పై ఏళ్లు సెలవు కాగితాలు చూసిన బల్ల నాది. జ్వరం, కామెర్లు, విరిగిన కాలు, గర్భసంచి ఆపరేషన్... ఆ ఖాళీ నింపడానికి ఎవరూ తడుముకోగా చూడలేదు. కవిటి వైపు నుంచి వచ్చిన ఒక జూనియర్ అసిస్టెంటు తన అన్నకు కిడ్నీ ఇవ్వబోతూ సెలవు అడిగినప్పుడు మాత్రం కలం ఆగింది. అతనికి ఏ జబ్బూ లేదు. లేదు కాబట్టే ఇవ్వగలుగుతున్నాడు. ‘కిడ్నీ సమస్య అని రాయించెయ్, ఫైలు తొందరగా కదులుతుంది’ అని పక్క సెక్షన్ పెద్దమనిషి సలహా ఇచ్చాడు. అలాగే రాయించుకున్నాడు, ఫైలు కదిలింది. తరవాత ఆరోగ్య బీమా తీసుకోబోతే ఆ రెండు మాటలే అడ్డం వచ్చాయి. దాతను కాగితం మీద రోగిని చేసేశాం. అందులో నా సంతకం కూడా ఉంది.

మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలసిస్ రోజులను బట్టే వారాన్ని లెక్కపెట్టుకునే ఇళ్లున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. రోగి గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. కిడ్నీ ఇచ్చే మనిషి ఉద్యోగం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే ఇది దాతకు రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసినది: మీరు ఏ జీతగాడు?

అవయవదాతలందరికీ సెలవు హక్కు ఇచ్చే ఒకే చట్టం మన దేశంలో లేదు. జీతం ఎవరి దగ్గర తీసుకుంటున్నారో దాన్నిబట్టి దారి మారుతుంది. ఇది తేల్చుకోకుండా పక్కింటాయనకు వచ్చిన సెలవే తనకూ వస్తుందనుకుని ఆసుపత్రిలో చేరేవాళ్లను చూశాను.

పోస్టాఫీసు, ఆదాయపు పన్ను వంటి కేంద్ర ప్రభుత్వ శాఖల వారికి దారి స్పష్టంగా ఉంది. కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం 2023 ఏప్రిల్ 25న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అవయవం దానం చేసే ఉద్యోగికి గరిష్ఠంగా 42 రోజుల స్పెషల్ క్యాజువల్ లీవు ఉంటుంది. అంతకుముందు అది 30 రోజులే. ఏ రకం ఆపరేషన్ అయినా పరిమితి ఒకటే. రోజులు డాక్టరు సిఫారసును బట్టి ఉంటాయి. మామూలుగా ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి ఒకే విడతగా తీసుకోవాలి. డాక్టరు అవసరమని రాస్తే ఆపరేషన్‌కు వారం ముందు నుంచే మొదలుపెట్టవచ్చు. వేరే సెలవుతో కలపడానికి వీల్లేదు. ఆపరేషన్ తరవాత చిక్కులు వచ్చి, డాక్టరు రాసిస్తే మాత్రం మినహాయింపు ఉంది. రైల్వేకు సొంత బోర్డు ఉత్తర్వులు ఉంటాయి కాబట్టి పలాసలోనో విజయనగరంలోనో రైల్వేలో పనిచేసేవాళ్లు వాటినే అడగాలి. బ్యాంకుల వాళ్లకూ అంతే.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి, ఉపాధ్యాయుడికి ఈ కేంద్ర ఉత్తర్వు దానంతట అదే వర్తించదు. అలాగని దాన్ని పక్కన పడేయకండి. దరఖాస్తుకు జతచేయండి. మీ చేతిలో ఉన్న గట్టి సెలవు మాత్రం అర్ధజీతపు సెలవును మార్చుకునే కమ్యూటెడ్ లీవు, దానితోపాటు ఈఎల్ (ఎర్న్‌డ్ లీవు). సర్వీసులో ఏడాదికి 20 రోజుల చొప్పున అర్ధజీతపు సెలవు జమ అవుతుంది. ఒక రోజు పూర్తి జీతానికి రెండు రోజులు ఖర్చవుతాయి. అంటే 42 రోజుల కమ్యూటెడ్ లీవుకు ఖాతాలో 84 రోజులు ఉండాలి. సర్వీసు మొత్తం మీద 240 రోజుల పరిమితి కూడా ఉంది. ఈ వారమే సర్వీసు రిజిస్టరు తీయించి సెలవు ఖాతా రాయించుకోండి. ఖాతా నాలుగేళ్లుగా రాయకుండా ఉండటం మన ఆఫీసుల్లో వింతేమీ కాదు, రాయవలసిన వాడిని నేనే కాబట్టి చెబుతున్నాను.

ప్రైవేటులో పనిచేసేవారికి, అంటే పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలకు, జూట్ మిల్లులకు వెళ్లేవారికి, రెండు ఆధారాలున్నాయి. ఒకటి కంపెనీ సొంత సెలవు నిబంధనలు. రెండోది ఈఎస్‌ఐ, అంటే చందా కట్టే కార్మికుల బీమా పథకం. దీని గురించి కింద చెబుతాను. ఇక జీడి బట్టీల్లో పిక్కలు కొట్టి, పప్పు పొట్టు తీసి కిలోల లెక్కన డబ్బు తీసుకునే ఆడవాళ్లకు సెలవు అన్న మాటే లేదు. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవారిలో ఆడవాళ్లే ఎక్కువ. వారి సంగతి చివరికి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకే దాన్నీ ఇక్కడే చెబుతున్నాను.

అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. కిడ్నీ అమ్మినా కొన్నా అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా. ఈ భయంతో చాలా కుటుంబాలు దాతకు రూపాయి ఇవ్వడానికీ జంకుతాయి. కానీ అదే చట్టం ‘చెల్లింపు’ అంటే ఏమిటో చెబుతూ ఒక మినహాయింపు పెట్టింది. అవయవం ఇవ్వడం వల్ల నేరుగా అయిన ఖర్చు, పోయిన సంపాదన ఇస్తే అది అమ్మకం కిందికి రాదు. అంటే ఆరువారాలు బట్టీకి వెళ్లలేని చెల్లెలికి, ఆ ఆరువారాల కూలి డబ్బు రోగి కుటుంబం లెక్కకట్టి ఇవ్వవచ్చు. బట్టీ యజమాని దగ్గర గత మూడు నెలల కూలి చీటీలు తీసుకుని, లెక్క ఒక తెల్లకాగితం మీద రాసి, ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరుకు ముందే చూపించండి. దాచిపెట్టి ఇచ్చిన డబ్బు అనుమానం తెస్తుంది. లెక్కరాసి ఇచ్చినది తేదు.

రెండో పని: ఆఫీసుకు ఎప్పుడు చెప్పాలి?

తొందరపడకండి. ఈ మాట సెలవు గుమాస్తా చెబితే వింతగా ఉంటుంది కానీ, కారణం ఉంది. దాత ఏ క్షణాన అయినా ‘ఇవ్వను’ అనవచ్చు. ఆపరేషన్ బల్ల ఎక్కే వరకూ ఆ హక్కు ఉంటుంది. పరీక్షలు మొదలు కాకముందే ఆఫీసంతా ‘ఎంత గొప్ప మనసు’ అని భుజం తట్టేస్తే, తరవాత వెనక్కి తగ్గాలనుకున్న మనిషికి నోరు పెగలదు. కాబట్టి రెండు విడతలుగా చెప్పండి.

పరీక్షల కాలంలో మీ అధికారి ఒక్కరికే, నోటిమాటగా చెప్పండి. పలాసలోనో ఆమదాలవలసలోనో తెల్లవారుజామున రైలెక్కి విశాఖ వెళ్లి, రక్తం, టిష్యూ మ్యాచింగ్, స్కాన్‌లు చేయించుకుని రాత్రికి దిగడం నాలుగైదు సార్లు తప్పదు. ఈ తిరుగుళ్లు ఆ 42 రోజుల్లోకి రావు. వీటికి క్యాజువల్ లీవులే దిక్కు. రాష్ట్ర ఉద్యోగికి ఏడాదికి 15, కేంద్ర ఉద్యోగికి 8. సంక్రాంతికే సగం వాడేసుకునే అలవాటు ఉంటే ఈ ఏడాది మానుకోండి.

రాతపూర్వక దరఖాస్తు మాత్రం ఆసుపత్రి అనుమతి పత్రం చేతికి వచ్చిన రోజునే పెట్టండి. ఆ తరవాత ఒక్కరోజు కూడా ఆగవద్దు.

మూడో పని: అనుమతి పత్రం ఏది?

ఇక్కడ మన చుట్టరికాలు, చట్టం చుట్టరికాలు వేరు. చట్టం దృష్టిలో దగ్గరి బంధువులంటే భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మలు, మనవలు, మనవరాళ్లు. అంతే. మేనమామ ఇందులో లేడు. బావ, వదిన, తోడికోడలు, పినతల్లి కొడుకు లేరు. మనకు మేనమామ అంటే తండ్రి తరవాత తండ్రి. చట్టానికి ఆయన బయటి మనిషే.

దగ్గరి బంధువైతే దాత ఇచ్చే అంగీకారం ఫారం 1, భార్యాభర్తలైతే ఫారం 2. ఆసుపత్రిలో అధికారం ఉన్నవారు చూసి ఫారం 19 ఇస్తారు, భార్యాభర్తలైతే ఫారం 6. బావకో మేనమామకో ఇస్తుంటే ఫారం 3. అప్పుడు ఆథరైజేషన్ కమిటీ ముందు కూర్చోవాలి, వారు మాట్లాడేది వీడియో తీస్తారు, ఒప్పుకుంటే ఫారం 18 వస్తుంది. సమావేశం అయ్యాక నిర్ణయం 24 గంటల్లో చెప్పాలని నియమం. కానీ సమావేశం ఎప్పుడు పెడతారన్నది వేరే సంగతి, దానికి రోజులు పట్టవచ్చు. ఇచ్ఛాపురం వాళ్లు ఒడిశాకో, మరొకరు హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి చేయించుకుంటే, బంధువు కాని దాతకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువీకరణ, ఫారం 20, తోడవుతుంది. దానికీ సమయం వేసుకోండి.

మీ సెలవు దరఖాస్తుకు ఫారం 18, 19, 6లలో మీకు వచ్చినదే వెన్నెముక. ఇది జతచేస్తే ‘ఏం జబ్బు?’ అని అడిగేవాడికి జవాబు అక్కడే ఉంటుంది.

నాలుగో పని: దరఖాస్తు రాయడం

ఒకే కాగితంలో రెండు కోరికలు పెట్టండి. మొదటిది తిరస్కరిస్తే రెండోదాని కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకునే ఓపిక ఆసుపత్రి మంచం మీద ఉండదు. నేను రాయించే నమూనా ఇది, రాష్ట్ర ఉద్యోగికి:

‘అయ్యా, మా అన్నయ్యకు జరగబోయే కిడ్నీ మార్పిడిలో నేను దాతను. ఆసుపత్రి ఇచ్చిన అనుమతి పత్రం, ఫారం 19, జతపరిచాను. ఫలానా తేదీన చేరమని చెప్పారు. ఆ తేదీ నుంచి 42 రోజులు అవయవదాతగా స్పెషల్ క్యాజువల్ లీవు మంజూరు చేయగలరు. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు 25-4-2023న ఇచ్చిన ఉత్తర్వు ప్రతిని పరిశీలన కోసం జతపరుస్తున్నాను. అందుకు వీలుకాని పక్షంలో ఇదే దరఖాస్తును అదే కాలానికి కమ్యూటెడ్ లీవు కోసం పెట్టినదిగా భావించి మంజూరు చేయగలరు. నాకు ఏ వ్యాధీ లేదు, ఈ శస్త్రచికిత్స దానం కోసమేనని మనవి.’

ఆ చివరి వాక్యం తీసేయవద్దు. డాక్టరు సర్టిఫికెట్‌లో ఆ ఖాళీ దగ్గర ‘కిడ్నీ దానం నిమిత్తం దాతకు చేసిన శస్త్రచికిత్స’ అని రాయమని అడగండి. ‘తో బాధపడుతున్నారు’ అన్న అచ్చు మాటను కొట్టేసి డాక్టరు చిన్న సంతకం పెడితే ఇంకా మంచిది. అచ్చు నమూనాను కొట్టివేస్తే ఫైలు తిరిగి వస్తుందని కొందరు భయపెడతారు. నేను అలాంటివి మూడు పంపాను, ఒక్కటీ తిరిగి రాలేదు.

దరఖాస్తు ఇచ్చాక ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర ఉన్న మీ ప్రతిని తీసుకోకుండా గది దాటవద్దు. ‘తరవాత వేస్తానమ్మా’ అన్న ముద్ర ఎప్పటికీ పడదు. ప్రైవేటు వాళ్లు అదే దరఖాస్తును మెయిల్‌లోనూ పంపాలి.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు

నెల జీతం 21,000 వరకు ఉన్నవారికి ఈఎస్‌ఐ ఉంటుంది. జబ్బు సెలవు కాలానికి సగటు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు ఇస్తారు. అందుకు సంబంధించిన ఆరు నెలల్లో కనీసం 78 రోజులు చందా కట్టి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందా మరుసటి జనవరి నుంచి జూన్ వరకు పనికొస్తుంది. ఆపరేషన్ ఏ నెలలో పెట్టుకోవాలో చూసుకునే వెసులుబాటు డాక్టరు ఇస్తే, ఈ లెక్క కూడా వేయండి.

ఇక్కడా అదే ముడి: జబ్బు ఏది? ఈఎస్‌ఐ డబ్బు అంతా ‘వైద్య కారణాలవల్ల పనికి వెళ్లకూడదు’ అన్న వారి డాక్టరు సర్టిఫికెట్ మీదే ఆధారపడి ఉంది. కాబట్టి ఆపరేషన్‌కు ముందే డిస్పెన్సరీ డాక్టరును కలిసి, కాగితాలు చూపించి, ఏయే తేదీల్లో సర్టిఫికెట్‌కు రావాలో రాయించుకోండి. కుట్లతో వచ్చి వరుసలో నిలబడి మొదటిసారి కథంతా చెప్పుకోవలసిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఉద్యోగం పోదు అన్న భరోసా కూడా ఈ సర్టిఫికెట్‌లోనే ఉంది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్, ధ్రువీకరించిన అనారోగ్యంతో పనికి రాని కార్మికుణ్ణి ఆ కాలంలో తీసివేయకూడదని, శిక్షించకూడదని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి, ఫిర్యాదు రాసేటప్పుడు పాత సెక్షన్ నంబరు కాపీ కొట్టకుండా కార్మిక శాఖ ఆఫీసులో ఇప్పటి నంబరు అడిగి వేయండి. సూపర్‌వైజరు ‘రేపటి నుంచి రావొద్దు’ అని ఫోనులో చెబితే, ఆ మాటను అదే రోజు మీరే ఒక మెసేజిలో రాసి పంపండి: ‘ఈ రోజు ఫలానా సమయానికి మీరు ఇలా చెప్పారు, నేను మంజూరైన సెలవులో ఉన్నాను.’ జవాబు రాకపోయినా ఫరవాలేదు. తేదీ నిలుస్తుంది.

మూలుగ ఇచ్చేవాళ్లకు

దీనికి 42 రోజులు అక్కర్లేదు. ఆ కేంద్ర ఉత్తర్వు అవయవం గురించే మాట్లాడుతుంది. ఎక్కువమంది దాతల నుంచి ఇప్పుడు తుంటి ఎముక దాకా వెళ్లకుండా రక్తం నుంచే మూలకణాలు తీస్తున్నారు. అయిదు రోజులు రోజుకో ఇంజెక్షన్, తరవాత చేతికి గొట్టాలు పెట్టి నాలుగైదు గంటలు యంత్రం దగ్గర పడుకోవడం. ఇంజెక్షన్ల రోజుల్లో ఒళ్లునొప్పులు ఉంటాయి. రెండు రోజుల్లో పనికి వెళ్లేవారే ఎక్కువ. తుంటి ఎముక నుంచి తీస్తే మత్తు ఇస్తారు, వారం వేసుకోండి. మొత్తం మీద క్యాజువల్ లీవులతోనో కొన్ని ఈఎల్‌లతోనో సరిపోతుంది.

సెలవు చిన్నదే కానీ తేదీ మాత్రం కదలడానికి వీల్లేనిది. దాత మూలుగ వస్తుందన్న నమ్మకంతో రోగికి ముందుగా గట్టి మందులిచ్చి అతని సొంత మూలుగను పూర్తిగా చంపేస్తారు. ఆ మందులు మొదలయ్యాక దాత ‘మా మేనేజరు సెలవు ఇవ్వలేదు’ అంటే రోగి బతకడం కష్టం. కాబట్టి మూలుగ దాతల పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీ వారికి తేదీ ఒప్పుకునే ముందే సెలవు మంజూరు కాగితం చేతిలో ఉండాలి. దరఖాస్తులో ‘ఈ తేదీ మార్చడానికి వీలుకాదు’ అని ఒక వాక్యం, దాని కింద ఒక గీత. మేనేజర్లకు ఈ సంగతి తెలియక వాయిదా వేయమంటారు, తెలిస్తే అనరు.

అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి తండ్రికో తల్లికో ఇవ్వడానికి వస్తామంటే వారి దారి వేరు. అక్కడి ఫెడరల్ ఉద్యోగులకు మూలుగకు 7 రోజులు, అవయవానికి 30 రోజులు జీతంతో సెలవు ఉంది. కాలిఫోర్నియాలో 15 మంది, ఆపైన ఉన్న ప్రైవేటు సంస్థలు కూడా మూలుగకు 5, అవయవానికి 30 పనిదినాలు జీతంతో ఇవ్వాలి. నన్ను నవ్వించిన సంగతి ఒకటుంది. ‘ఆరోగ్యంగా ఉన్న మనిషికి జబ్బు సెలవు ఎలా?’ అన్న ప్రశ్న అక్కడా వచ్చింది. రాత్రి ఆసుపత్రిలో ఉండవలసిన ఆపరేషన్ అయినప్పుడు దాత ముందు ఆరోగ్యంగా ఉన్నాడా లేదా అన్నది అడ్డు కాదని వారి కార్మిక శాఖ 2018 ఆగస్టులో లేఖ రాసి తేల్చింది. మన బల్ల మీది చిక్కు అక్కడి బల్ల మీదా ఉందన్నమాట.

తిరిగి చేరేటప్పుడు

కిడ్నీ ఇచ్చినవారు మూడు నుంచి అయిదు రోజుల్లో ఇంటికి వస్తారు. కుర్చీ పని అయితే నాలుగు నుంచి ఆరువారాల్లో మొదలుపెట్టవచ్చు. కాలేయంలో భాగం ఇచ్చినవారికి 42 రోజులు చాలకపోవచ్చు. అది ముందే లెక్కలో ఉంచుకుని, పొడిగింపు దరఖాస్తును 35వ రోజునే పంపండి, 43వ రోజున కాదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చి చేరిపోకండి. అందులో బరువులు ఎత్తకూడని కాలాన్ని కూడా డాక్టరుతో రాయించండి. జూట్ మిల్లులో గోనె కట్టలు మోసేవాడికి ‘ఫిట్’ అన్న ఒక్క మాట ప్రమాదం. తేలిక పని అడిగే హక్కు కాగితం మీద లేకపోతే మేస్త్రీ చేతులెత్తేస్తాడు, తప్పు అతనిది కూడా కాదు. బస్సు కండక్టర్లు, నిలబడి పాఠం చెప్పే టీచర్లు మొదటి రెండు వారాలు కుర్చీ కోసం మొహమాటపడవద్దు.

మరొకటి. కాగితాలతో సంబంధం లేనిదే అయినా చెప్పి తీరాలి. మన ఊళ్లలో నడుం పట్టేసినా మోకాలు నొప్పి చేసినా మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవడం అలవాటు. ఒక్క కిడ్నీతో ఉన్న మనిషి డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటివి డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. షాపువాడికి ‘నాది ఒక్క కిడ్నీ’ అని చెప్పండి.

జాయినింగ్ రిపోర్టు, మంజూరు ఉత్తర్వు, అనుమతి పత్రం, డిశ్చార్జి సారాంశం, ఈ నాలుగింటి జిరాక్సులు ఒక కవరులో వేరుగా పెట్టండి. సర్వీసు రిజిస్టరులో ఆ సెలవు ఏ పేరుతో ఎక్కిందో నెల తరవాత ఒకసారి వెళ్లి కళ్లతో చూడండి. ఏడాదికోసారి రక్తపోటు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి, జీవితాంతం. దానికి ప్రతి ఏడాదీ ఒక క్యాజువల్ లీవు పక్కన పెట్టుకోండి. ఆ రోజు కారణం గడిలో ‘సొంత పని’ అని రాస్తే చాలు, ఎవరూ ఏమీ అడగరు.